మీకు తెలుసా? పదికి ఆరు మార్కులేస్తే ఉద్యోగం ఊడింది!

ప్లేస్టేషన్ 5కి పెద్ద గేమ్ కొత్తగా వస్తే మన దగ్గర ఐదు వేల రూపాయల దాకా పలుకుతోంది. అంత పెట్టేముందు ఎవరైనా రివ్యూ చూస్తారు. చూశాక వచ్చే అనుమానం కూడా అందరిదీ ఒకటే: రాసినవాడికి కంపెనీ ఎంత ముట్టజెప్పిందో! అనుమానం తప్పు కాదు గానీ, చూడాల్సింది వేరే చోట. కవర్లో డబ్బు పెట్టి మార్కులు కొనడం కన్నా, పైసా చేతులు మారకుండానే రివ్యూని పక్కదారి పట్టించే పద్ధతులు ఈ వ్యాపారంలో చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని ఈసారి.

ఆరు మార్కుల ఖరీదు

2007 నవంబరు. అమెరికాలో పేరున్న గేమింగ్ సైట్ గేమ్‌స్పాట్. దానికి ఎడిటోరియల్ డైరెక్టర్ జెఫ్ గెర్‌స్ట్‌మన్, అక్కడ పదకొండేళ్లుగా పనిచేస్తున్న మనిషి. 'కేన్ అండ్ లించ్: డెడ్ మెన్' అనే గేమ్ ఆడి, ఫరవాలేదంటూ పదికి 6 వేశారు. చిక్కేమిటంటే ఆ రోజుల్లో ఆ సైట్ నిండా ఆ గేమ్ ప్రకటనలే. హోమ్ పేజీ బ్యాక్‌గ్రౌండ్ మొత్తం దాని బొమ్మలే. గేమ్ పబ్లిషర్ ఐడోస్ అందుకు డబ్బు కట్టింది. నెల తిరక్కుండానే గెర్‌స్ట్‌మన్‌ని ఇంటికి పంపేశారు. ఆయన చేసిన వీడియో రివ్యూ సైట్‌లోంచి తీసేశారు.

ప్రకటనలకూ దీనికీ సంబంధం లేదని యాజమాన్యం చెప్పింది. ఎవరూ నమ్మలేదు. గెర్‌స్ట్‌మన్ నోరు విప్పలేదు, విప్పకూడదని ఒప్పందం ఉంది. సహోద్యోగులు కొందరు ఒకరి తర్వాత ఒకరు రాజీనామా చేసి బయటికొచ్చారు. 2008లో ఆయన 'జయంట్ బాంబ్' అని సొంత సైట్ పెట్టుకుంటే వాళ్లలో చాలామంది అక్కడే చేరారు.

2012 మార్చిలో గేమ్‌స్పాట్ యజమాని సీబీఎస్ ఇంటరాక్టివే ఆ జయంట్ బాంబ్‌ని కొనేసింది! పాత ఒప్పందం రద్దయింది కాబట్టి గెర్‌స్ట్‌మన్ అదే గేమ్‌స్పాట్ కెమెరా ముందు కూర్చుని జరిగిందంతా చెప్పారు. ప్రకటనదారుల ఒత్తిడిని ఎలా కాచుకోవాలో తెలియని కొత్త మేనేజర్లు వచ్చారని, కేన్ అండ్ లించ్ కన్నా ముందే ఇంకో గేమ్‌కి 7.5 వేసినందుకు కూడా తనను పిలిచి మాట్లాడారని ఆయన మాట. ఇంతా చేసి, ఆ 6 మార్కుల్లో అన్యాయమేమైనా ఉందా అంటే, మిగతా విమర్శకుల సగటు కూడా నూటికి అరవైల్లోనే ఆగింది.

ఒక్క మార్కు తక్కువై...

విమర్శకులందరి మార్కులనూ పోగేసి నూటికి ఇంత అని సగటు చెప్పే సైట్ మెటాక్రిటిక్. 2001లో మొదలైంది. పాఠకుల సౌకర్యం కోసం పెట్టిన ఆ అంకె మెల్లగా కంపెనీల ఒప్పందాల్లోకి దూరింది.

2010 అక్టోబరులో 'ఫాలౌట్: న్యూ వేగాస్' వచ్చింది. తయారుచేసింది అబ్సిడియన్ స్టూడియో, అమ్మింది బెథెస్డా. ఒప్పందం ప్రకారం స్టూడియోకి ఏకమొత్తంగా డబ్బిచ్చేశారు, అమ్మకాల మీద రాయల్టీ లేదు. మెటాక్రిటిక్‌లో 85 గానీ ఆపైన గానీ వస్తే మాత్రం బోనస్. వచ్చింది 84. ఈ సంగతిని 2012లో బయటపెట్టింది ఆ స్టూడియో వ్యవస్థాపకుల్లో ఒకరైన క్రిస్ అవెలోన్.

ఆ ఒక్క మార్కు లెక్క ఎలా ఉంటుందో చూడండి. ఒక గేమ్‌కి 80 రివ్యూలు వచ్చాయనుకుందాం. సగటు ఒక పాయింటు పెరగాలంటే ఎనిమిది మంది విమర్శకులు పదికి తలా ఒక మార్కు ఎక్కువ వేస్తే చాలు. ఇంకో తమాషా ఉంది. అయిదు నక్షత్రాల పద్ధతిలో రాసేవాడు 'చాలా బాగుంది' అని నాలుగు ఇస్తే మెటాక్రిటిక్ లెక్కలో అది 80. అంటే 85 కోసం ఎదురుచూస్తున్న స్టూడియోని ఆ మెప్పుకోలే కిందికి లాగుతుంది. మెచ్చుకున్న మనిషికి తను ఎవరి బోనస్‌కో అడ్డం పడ్డానని తెలిసే అవకాశమే లేదు.

ఆ సగటు కూడా మామూలు సగటు కాదు. కొన్ని పత్రికలకు ఎక్కువ విలువ, కొన్నిటికి తక్కువ. ఎవరికెంత అన్నది మెటాక్రిటిక్ బయటపెట్టదు. అయినా 2012లో 'బయోషాక్ ఇన్ఫినిట్' తయారీలో ఉన్న ఇర్రేషనల్ గేమ్స్ ఒక ఉద్యోగ ప్రకటనలో, 85 గానీ ఆపైన గానీ స్కోరొచ్చిన గేమ్ ఒకటైనా మీ ఖాతాలో ఉండాలని అర్హత పెట్టింది.

70 అంటే ఏ రంగు?

మెటాక్రిటిక్‌లో 70 వచ్చిన సినిమా పక్కన ఆకుపచ్చ డబ్బా ఉంటుంది. అదే 70 గేమ్‌కి వస్తే పసుపు. సినిమాకి 61 వస్తే చాలు పచ్చరంగు, గేమ్‌కి మాత్రం 75 దాకా రావాలి. ఎందుకంటే గేమ్ విమర్శకులు మొదట్నుంచీ ఉదారంగానే మార్కులేస్తున్నారు. పది మార్కుల కొలబద్దలో కింది సగం దాదాపు ఖాళీగా పడి ఉంటుంది. తెలుగు సినిమా రివ్యూల్లో 2.75కీ 3కీ మధ్య ఉన్న ఆ పావు మార్కులోనే అసలు తీర్పంతా ఇరికించినట్టు, ఇక్కడ 7కీ 9కీ మధ్యనే కథంతా నడుస్తుంది. ఏడంటే డిస్టింక్షన్ మార్కులకు దగ్గర కదా అనుకుంటాం మనం, గేమ్ ప్రపంచంలో అది 'కాస్త ఆలోచించుకుని కొనండి' అని చెప్పడం. నా మటుకు నాకు ఏడు మార్కుల రివ్యూలే చదవబుద్ధవుతుంది. పదికి పది వేసినవాడు పొగడటంలో పడతాడు. ఏడు వేసినవాడు మిగతా మూడూ ఎందుకు కోశాడో చెప్పక తప్పదు.

జపాన్ వాళ్లకు ఇంకో పద్ధతి. 1986లో మొదలైన 'ఫామిట్సు' పత్రికలో ఒకే గేమ్‌ని నలుగురు ఆడి తలా పది మార్కులకు వేస్తారు, మొత్తం 40. మొట్టమొదటి 40కి 40 వచ్చింది 1998లో, 'జెల్డా: ఒకారినా ఆఫ్ టైమ్'కి. ఆ తర్వాత ఆ పూర్తి మార్కులు కాస్త తేలిగ్గానే దొరకడం మొదలైంది, అది వేరే సంగతి.

విమర్శకుడు ఆడింది ఒకటి, మీరు కొన్నది ఇంకొకటి

రివ్యూల నమ్మకం గురించి ఒక్కటే ఉదాహరణ చెప్పమంటే నేను 'సైబర్‌పంక్ 2077' చెబుతాను. ఇందులో విమర్శకులు అబద్ధం రాయలేదు. అయినా జనం మోసపోయారు.

దాన్ని తీసింది పోలండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ రెడ్. 'విచర్ 3'తో ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. ఎనిమిదేళ్లుగా ఊరిస్తున్న సైబర్‌పంక్ 2020 డిసెంబరు 10న విడుదల. అప్పటికే 80 లక్షల మంది ముందే డబ్బు కట్టేశారు. మూడు రోజుల ముందు, డిసెంబరు 7న రివ్యూలు వచ్చాయి. నూటికి తొంభై, అక్కడక్కడా నూటికి నూరు.

కంపెనీ విమర్శకులకు పంపింది పీసీ కాపీలు మాత్రమే. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్లలో వాళ్లు ఆడారు. ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ కాపీలు ఆ రివ్యూలు వచ్చేలోపు ఇవ్వనేలేదు. ఇంకో షరతు కూడా పెట్టారు. వీడియో రివ్యూల్లో సొంతంగా రికార్డు చేసిన దృశ్యాలు వాడకూడదు, కంపెనీ ఇచ్చిన క్లిప్పులే వాడాలి. కాబట్టి 'బగ్‌లు చాలా ఉన్నాయి' అని వెనక గొంతు చెబుతుంటే తెర మీద ఏ లోపమూ లేని బొమ్మ నడుస్తూ ఉంటుంది. చూసేవాడు చెవిని నమ్ముతాడా, కంటిని నమ్ముతాడా?

డిసెంబరు 10న పాత కన్సోళ్లలో డిస్కు పెట్టినవాళ్లకు మసకమసగ్గా కదిలే మనుషులు, చూస్తుండగా ఆగిపోయే గేమ్, ఉన్నట్టుండి హోమ్ స్క్రీన్ మీదికి వచ్చిపడటం. పాత కన్సోళ్లలో గేమ్ ఎలా ఉంటుందో ముందే చూపించాల్సిందని నాలుగు రోజులకు కంపెనీ క్షమాపణ చెప్పుకుంది. విడుదలై వారం తిరిగేసరికి సోనీ తన ప్లేస్టేషన్ స్టోర్ నుంచి గేమ్‌ని తీసేసి, డబ్బు వాపసిస్తామంది. అంత పెద్ద గేమ్‌కి అలాంటి గతి పట్టడం అపురూపం. మళ్లీ స్టోర్‌లో కనపడింది 2021 జూన్ 21నే. మెటాక్రిటిక్ లాంటిదే అయిన ఓపెన్‌క్రిటిక్ సైట్, పాత కన్సోళ్ల పరిస్థితిని కంపెనీ కావాలనే దాచినట్టు అనిపిస్తోందని తన పేజీలోనే హెచ్చరిక పెట్టింది.

ఆ విమర్శకుల్లో నిజాయితీపరులు పీసీలో మాత్రమే ఆడామని రాశారు. ఆ వాక్యం మొదటి పేరాలో ఉంటే రివ్యూ. చివర్లో ఎక్కడో ఉంటే దానికి రివ్యూ అన్న పేరు ఇవ్వడానికి నేను వెనకాడతాను. ఏ మిషన్ మీద ఆడారు, కాపీ ఎవరిచ్చారు, ఎన్ని గంటలు ఆడారు: ఈ మూడూ చెప్పని రివ్యూలో ఎంత మంచి భాషున్నా కొనేవాడికి ఉపయోగం లేదు.

పన్నెండు గంటల మౌనం

విడుదలకు వారమో పదిరోజులో ముందు విమర్శకులకు కాపీ వస్తుంది. దాంతోపాటు ఫలానా రోజు ఫలానా గంట దాకా రివ్యూ బయటపెట్టనని మాట ఇవ్వాలి. దాన్నే ఎంబార్గో అంటారు. ఆ మాటకొస్తే ఇది మంచిదే, లేకపోతే అందరికన్నా ముందు పెట్టాలన్న ఆత్రంలో సగం ఆడి రాసేస్తారు. తిరకాసంతా ఆ గంట ఎప్పుడన్న దాంట్లోనే ఉంది.

2014 నవంబరు 11 అర్ధరాత్రి యూబీసాఫ్ట్ 'అసాసిన్స్ క్రీడ్ యూనిటీ' అమెరికాలో అమ్మకానికొచ్చింది. రివ్యూలకు అనుమతించిన సమయం అదే రోజు మధ్యాహ్నం 12, న్యూయార్క్ టైమ్. అర్ధరాత్రి క్యూ కట్టి కొన్నవాళ్లకు పన్నెండు గంటల పాటు ఒక్క రివ్యూ లేదు. ముఖం మీద చర్మం మాయమై కళ్లగుడ్లూ పళ్లూ మాత్రం గాల్లో తేలుతూ ప్రేమగా మాట్లాడుకునే పాత్రల ఫొటోలు అప్పుడే లోకమంతా తిరిగాయి. ఆ నెలాఖరులోనే కంపెనీ క్షమాపణ చెప్పి, ముందు ముందు రావాల్సిన అదనపు భాగాన్ని ఉచితంగా ఇచ్చింది.

అలాగని రివ్యూ ఆలస్యమైన ప్రతి గేమూ చెత్తదే అనుకోకండి. 2016 మేలో వచ్చిన 'డూమ్' కాపీలను బెథెస్డా ముందుగా పంపలేదు. అందరూ కీడు శంకించారు. తీరా చూస్తే అది ఆ ఏడాది వచ్చిన మంచి గేముల్లో ఒకటి. దాంతో ధైర్యమొచ్చిందేమో, అక్టోబరులో ఆ కంపెనీ ఇకమీదట విడుదలకు ఒక్క రోజు ముందే రివ్యూ కాపీలిస్తామని ప్రకటించింది. మంచి గేమ్ తీసినవాళ్లు విమర్శకులకు భయపడటం నాకెప్పటికీ అర్థం కాదు.

9.5, 8, 4, 6.5

ఇవి నాలుగు గేముల స్కోర్లు కావు. ఒకే గేమ్‌కి ఒకే సైట్ ఇచ్చినవి. 2013 మార్చిలో 'సిమ్‌సిటీ' విడుదలకు ముందు పాలిగన్ సైట్ 9.5 వేసింది. ముందుగా ఆడిన కొద్దిమందికి సర్వర్లు చక్కగా పనిచేశాయి మరి. ఇంటర్నెట్ లేకుండా నడవని ఆ గేమ్ విడుదల రోజున లక్షల మంది ఒక్కసారి మీదపడేసరికి సర్వర్లు చేతులెత్తేశాయి. పాలిగన్ స్కోరు 8కి, తర్వాత 4కి దించింది. సర్దుకున్నాక 6.5 చేసింది. చాలామంది నవ్వారు. నాకైతే ఆ దిద్దుబాట్లలో తప్పు కనిపించలేదు. మారిపోయే వస్తువుకి మారని మార్కు వేసి కూర్చోవడమే అన్యాయం.

మారిపోవడం ఎలా ఉంటుందంటే, 2019 జూన్‌లో 'క్రాష్ టీమ్ రేసింగ్ నైట్రో ఫ్యూయల్డ్' వచ్చింది. ఆడుతూ సంపాదించిన నాణేలతోనే కార్లూ బొమ్మలూ కొనుక్కోవచ్చు. విమర్శకులు మెచ్చుకున్నారు, మార్కులు పడ్డాయి. ఆగస్టులో పబ్లిషర్ యాక్టివిజన్ ఆ నాణేలను అసలు డబ్బుకి అమ్మడం మొదలుపెట్టింది. రివ్యూలు మాత్రం జూన్‌లో రాసినవి జూన్‌లో రాసినట్టే ఉన్నాయి.

అలిగిన కంపెనీలు

2015 నవంబరులో కొటాకు సైట్ ఒక సంగతి బయటపెట్టింది. బెథెస్డా రెండేళ్లుగా, యూబీసాఫ్ట్ ఏడాదిగా తమకు రివ్యూ కాపీలు పంపడం మానేశాయని, మెయిల్ పెడితే జవాబు లేదని. కారణం రివ్యూలు కావు. కంపెనీలు ప్రకటించకముందే 'ఫాలౌట్ 4' గురించీ, తర్వాతి అసాసిన్స్ క్రీడ్ గురించీ కొటాకు వార్తలు రాసింది. అప్పట్నుంచి ఆ కంపెనీల గేములను వాళ్లు దుకాణంలో కొనుక్కుని ఆడాల్సి వచ్చింది. పెద్ద సైట్ కాబట్టి తట్టుకుంది. ఇద్దరు ముగ్గురు కలిసి నడిపే చిన్న సైట్‌కి అదే జరిగితే విడుదలైన వారానికి గానీ రివ్యూ పెట్టలేదు, అప్పటికి చదివేవాళ్లుండరు. ఆ భయం ఎన్ని మార్కుల్ని ఆరు నుంచి ఏడుకి జరిపిందో చెప్పే లెక్క ఎక్కడా దొరకదు.

'షో మోర్' కింద దాక్కున్న మాట

సైట్లనెందుకు, యూట్యూబ్‌లో మనలాగా ఆడేవాళ్లనే నమ్ముదాం అంటారా? 2014లో 'షాడో ఆఫ్ మోర్డోర్' కోసం వార్నర్ బ్రదర్స్ తరఫున ఒక మార్కెటింగ్ సంస్థ యూట్యూబర్లకు వందల నుంచి పదుల వేల డాలర్ల దాకా ఇచ్చింది. గేమ్ గురించి మంచి చెప్పాలి, లోపాలు చూపకూడదు. డబ్బు తీసుకున్నామన్న మాటను వీడియోలో చెప్పక్కర్లేదు, కింద డిస్క్రిప్షన్ డబ్బాలో పెడితే చాలు. చాలా వీడియోల్లో 'షో మోర్' నొక్కితే తప్ప ఆ ముక్క కనపడేది కాదు. ఆ వీడియోలన్నీ కలిపి 55 లక్షల సార్లకు పైగా చూశారు. అందులో ప్యూడీపై అనే యూట్యూబర్ ఒక్కడిదే 37 లక్షలు. 2016 జులైలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వార్నర్ బ్రదర్స్‌ని దారికి తెచ్చింది.

మన దేశంలో దీనికి నిబంధనలున్నాయి, చాలామందికి తెలియవు. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, డబ్బో ఉచిత వస్తువో తీసుకుని చేసే వీడియో అయితే ఆ మాట వీడియోలోనే రావాలి, డిస్క్రిప్షన్‌లో పెట్టి ఊరుకుంటే కుదరదు. లైవ్ స్ట్రీమ్ అయితే ఆడినంతసేపూ తెర మీద కనపడుతూనే ఉండాలి. తప్పుదోవ పట్టించే ప్రచారానికి మొదటిసారి పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేసే అధికారం వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. కాబట్టి తెలుగులో బీజీఎంఐ గేమ్ ఆడుతూ లైవ్ పెట్టే తమ్ముడు మధ్యలో కొత్త ఫోను గురించో కొత్త గేమ్ గురించో పొగడ్త అందుకుంటే, తెర మూల ఒకసారి చూడండి.

ముప్పై ఆరు గంటలాగండి

పోనీ జనం మార్కులో? 2020 జూన్ 19న 'ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' వచ్చింది. మెటాక్రిటిక్‌లో విమర్శకుల సగటు 93. అదే పేజీలో జనం వేసిన సగటు తొలిరోజుల్లో పదికి 4 కూడా లేదు. పూర్తి చెయ్యడానికి పాతిక గంటలు పట్టే గేమ్‌కి విడుదలైన కొన్ని గంటల్లోనే వేల కొద్దీ సున్నాలు. ఆడినవాళ్లెవరు, కథ లీకై కోపమొచ్చినవాళ్లెవరు? విసిగిపోయిన మెటాక్రిటిక్ ఆ జులైలోనే నిబంధన మార్చి, గేమ్ వచ్చిన 36 గంటల దాకా జనం మార్కులు వెయ్యకుండా తలుపు మూసింది.

పీసీ గేములు అమ్మే స్టీమ్ స్టోర్‌లో కాస్త నయం. రాసిన మనిషి ఎన్ని గంటలు ఆడాడో పేరు పక్కనే ఉంటుంది. 0.4 గంటలు ఆడి 'జీవితంలో ఇంత చెత్త చూళ్లేదు' అన్నవాణ్ణీ, 600 గంటలు ఆడి 'ఎవరూ కొనకండి' అన్నవాణ్ణీ ఒకే పేజీలో చూడొచ్చు. రెండోవాడి మాట నేను శ్రద్ధగా చదువుతాను, అంతసేపు ఎందుకు ఆడాడో తెలుసుకోవడానికైనా. 2015 జూన్ నుంచి స్టీమ్‌లో ఇంకో వెసులుబాటు ఉంది. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకు మించి ఆడకుండా ఉంటే డబ్బు వాపసు.

తొమ్మిదిస్తే తిట్లు

విమర్శకుల్ని ఒత్తిడి చేసేది కంపెనీలు మాత్రమే అనుకుంటే పొరపాటు. 2013 సెప్టెంబరులో 'జీటీఏ 5'కి గేమ్‌స్పాట్ విమర్శకురాలు కారొలిన్ పెటిట్ పదికి 9 వేశారు. ఆడవాళ్ల పాత్రల్ని చూపిన తీరు బాగాలేదని ఒక మాటన్నారు. ఆమెను ఉద్యోగంలోంచి తీసెయ్యాలని ఇరవై వేలకు పైగా సంతకాలు పడ్డాయి. 2017 మార్చిలో 'జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్'కి జిమ్ స్టెర్లింగ్ 7 ఇస్తే మెటాక్రిటిక్ సగటు 98 నుంచి 97కి దిగింది. అంతే, అభిమానులు దాడి చేసి ఆ విమర్శకుడి సైట్‌నే పడగొట్టారు.

ఈ అంకెల గోల భరించలేక బ్రిటన్‌కి చెందిన యూరోగేమర్ 2015 ఫిబ్రవరిలో మార్కులు వెయ్యడమే మానేసింది. తప్పనిసరి, బాగుంది, వద్దు అని ముద్రలు మాత్రం వేసింది. మార్కుల్లేవు గనక మెటాక్రిటిక్ వాళ్ల రివ్యూలను లెక్కలోకి తీసుకోవడం ఆపింది. ఎనిమిదేళ్లు అలా నడిపి, 2023లో మళ్లీ మార్కుల దగ్గరికే వచ్చారు. ఈసారి పదికి కాదు, అయిదు నక్షత్రాలు.